కింద పార్కింగే

నా డైరీలో కొట్టివేతలు ఉండవు. పొరపాటు రాస్తే మరుసటి పేరాలో 'సవరణ' అని పెట్టి సరిచేస్తాను తప్ప గీత గీయను. టీచరుగా చేరిన ఏడాది నుంచి అదే పద్ధతి. ఈ వేసవి డైరీలో మాత్రం ఒక గురువారం పేజీలో "మా అపార్ట్‌మెంట్: ఇరవై ఇళ్ళు. పూర్తి" అన్న వాక్యం మీద రెండు గీతలు ఉన్నాయి. రెండోది కాగితం చిరిగేంత గట్టిగా పడింది.

ఆ రోజుల్లో మా కోడలికి జనగణన డ్యూటీ. కొడుకూ ఆమే నేరేడ్‌మెట్‌లో ఉంటారు. ఆమె పనిచేసే ప్రభుత్వ బడి మాత్రం పద్మారావు నగర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల. అందుకే మా వీధి ఆమె బ్లాకులో పడింది. ముందు ఇళ్ళ జాబితా, ఆ తర్వాత ఎప్పుడో మనుషుల లెక్క. నేను సర్వీసులో మూడు జనగణనలు చేసినవాణ్ణి. అప్పుడు కాగితాలు, ఇప్పుడు ఫోను. అయినా స్కేలు పెట్టి వీధి పటం గీసి ఇచ్చాను. "తలుపులు లెక్కపెట్టకమ్మా, పొయ్యిలు లెక్కపెట్టు" అని కూడా చెప్పాను. ఒకే గడపలో రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలు. మెట్ల కింద స్టవ్ వెలిగితే అదీ కుటుంబమే. నా మొదటి జనగణనలో మా సూపర్‌వైజర్ నేర్పిన మాట అది.

మా అపార్ట్‌మెంట్‌లో ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. సెల్లార్‌లో కార్లు. ఆ కార్ల వెనక, నీళ్ళ మోటారు పక్కన, రేకు తలుపున్న ఒక గది. అందులో వాచ్‌మన్, అతని భార్య, పది నెలల ఆడపిల్ల ఉంటారు. కోడలికి వాచ్‌మన్ తెలుసు. అతను ఎక్కడ ఉంటాడో ఆమెకు తెలియదు.

బుధవారం సాయంత్రం అసోసియేషన్ ప్రెసిడెంటు మా ఇంటికి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ హార్డ్‌వేర్ వ్యాపారంలో స్థిరపడిన మనిషి. నాకంటే పదేళ్ళు చిన్న.

"మాస్టారూ, రేపు అమ్మాయిగారు మన బిల్డింగ్ రాస్తారంట కదా. ఆ కింద గది సంగతి ఎత్తకండి."

"ఏం?"

"ప్లానులో అది లేదండీ. అంతా పార్కింగని చూపించాం. రికార్డుకెక్కిందంటే మునిసిపాలిటీ వాళ్ళొచ్చి పడగొడతారు. అప్పుడు రోడ్డున పడేదెవరు? వాళ్ళే కదా. వాళ్ళ మంచికే చెప్తున్నా. తాళమేసి పొద్దున్నే ఎటైనా పొమ్మన్నాను."

జనగణనలో రాసింది మరే ఆఫీసుకూ వెళ్ళదు. చట్టమే అలా ఉంది. మూడుసార్లు, ఎన్నో గుమ్మాల ముందు నిలబడి ఆ మాట చెప్పినవాణ్ణి. ఆయనకు మాత్రం చెప్పలేదు. లిఫ్టు బాగుచేయించాలన్నా, మా ఫ్లాటు గోడలో చెమ్మ ఆపించాలన్నా ఆయన దగ్గరికే వెళ్ళాలి. కాఫీ ఇచ్చి పంపాను.

గురువారం ఉదయం ఎనిమిదికి కోడలు మెడలో గుర్తింపు కార్డుతో, చేతిలో మార్కరుతో వచ్చింది. కింది నుంచి పైకి రావాలన్నది నియమం. సెల్లార్‌లోకి దిగే వాలు దగ్గర ఆగింది.

"కింద ఏమైనా ఉందా మామయ్యా?"

"కింద పార్కింగే."

అబద్ధం కాదు. పార్కింగ్ ఉంది. ఆమె ఒక్క క్షణం అటువైపు చూసి పై మెట్లెక్కింది. నలభై ఒకటి నుంచి అరవై దాకా తలుపుల పక్కన నంబర్లు వేసుకుంటూ పోయింది. పదకొండున్నరకు మా బిల్డింగ్ అయిపోయింది. సాయంత్రం ఐదులోపల ఫోనులోంచి అంతా పంపేస్తే ఇక మార్చడానికుండదని చెప్పి పక్క బిల్డింగ్‌కి వెళ్ళింది. నేను భోజనానికి ముందు డైరీలో 'పూర్తి' అని రాశాను.

పన్నెండున్నరకు కరెంటు పోయింది. వాచ్‌మన్ లేడు కాబట్టి ఆ రోజు మోటారు నా పని. కరెంటు తిరిగొస్తే దానంతట అదే తిరిగి ట్యాంకు పొంగుతుందని స్విచ్ కట్టేయడానికి కిందికి దిగాను. స్విచ్ మీద చెయ్యి ఉండగానే దగ్గు వినిపించింది. పిల్ల దగ్గు. రేకు తలుపుకు బయట తాళం వేసి ఉంది.

తలుపు తట్టాను. లోపలి నుంచి గుసగుసగా అడిగింది వాచ్‌మన్ భార్య.

"సార్, మీరేనా? లెక్కోళ్ళు పోయిండ్రా?"

"నువ్వు లోపలేం చేస్తున్నావమ్మా?"

"యాడికి పోవాలె సార్, ఎండల పొల్లనేసుకొని? ఆయననే తాళమేసిండు. సప్పుడు చెయ్యకు అన్నడు. ఫ్యాన్ బందయ్యింది సార్. పొల్ల ఒళ్ళు కాలుతున్నది. ఇందాకటి సంది ఏడుస్తలేదు."

ఆ గదికి కిటికీ లేదు. తలుపు పైన జానెడు కంత మాత్రమే ఉంది.

"తాళంచెవి?"

"ఆయన తాన్నే. వీధి చివర ఇస్త్రీ బండి కాడ ఉన్నడు."

డాక్టరు నన్ను ఎండలో తిరగొద్దన్నాడు. మోకాళ్ళు పట్టుకుని వీధి చివరి దాకా నడిచాను, కొంత దూరం పరుగెత్తాను కూడా. వాచ్‌మన్ ఇస్త్రీ బండి నీడలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"ఏమైంది సార్? గట్ల రొప్పుతుండ్రు?"

"తాళం తియ్యి. పరుగెత్తు."

నేను వెనక్కి చేరేసరికి తలుపు తెరిచి ఉంది. తల్లి కార్ల మధ్య నేల మీద కూర్చుని కొంగు తడిపి పిల్ల ఒళ్ళు తుడుస్తోంది. పిల్ల ముఖం కందిపోయి ఉంది. చెంచాతో నీళ్ళు పోస్తే మొదటి రెండు చెంచాలూ బయటికే వచ్చాయి. మూడోది మింగింది. కాసేపటికి గొంతు పెంచి ఏడ్చింది.

భోజనానికి వచ్చిన కోడలు ఆ ఏడుపు విని సెల్లార్‌లోకి దిగింది. తెరిచిన తలుపులోంచి గదిలో చిన్న సిలిండరు, దాని మీద పొయ్యి, గిన్నెలో మిగిలిన పప్పు కనిపిస్తున్నాయి. ఆమె వాటిని చూసి నా వైపు తిరిగింది.

"పొయ్యిలు లెక్కపెట్టమన్నది మీరే కదా మామయ్యా."

"అవునమ్మా. తెలిసే చెప్పలేదు."

"కింద సంతకం నాది." అంతే అంది. అరిచి ఉంటే నయమనిపించింది.

ఈలోపు ప్రెసిడెంటు దిగి వచ్చాడు. తెరిచిన తలుపు, చేతిలో ఫోనుతో కోడలు, ఒక్క చూపులో ఆయనకు అర్థమైంది.

"మాస్టారూ, ఏమనుకున్నాం మనం?"

"మనం అనుకోలేదు. మీరన్నారు, నేను ఊరుకున్నాను. ఇది మునిసిపాలిటీకి వెళ్ళదు. చట్టం ఒప్పుకోదు."

"చట్టం కాగితం మీద బాగానే ఉంటుందండీ. రేపెవడైనా వస్తే?"

"వస్తే, చెప్పింది నేనని చెప్పండి. డైరీలో రాసి ఉంచుతాను."

"మీ డైరీకి ఎవడు భయపడతాడు మాస్టారూ!" అని నవ్వి, వాచ్‌మన్ వైపు తిరిగాడు. "ఏరా, నువ్వు చెప్పు. రాయించుకుంటావా, ఇక్కడ ఉంటావా?"

వాచ్‌మన్ తల వంచుకున్నాడు. కోడలు ఆ భార్యాభర్తలిద్దరికీ నెమ్మదిగా చెప్పింది. ఎక్కడుంటే అక్కడే రాయడం తన పని అనీ, వివరాలు చెప్పాల్సింది మాత్రం వాళ్ళేననీ. ప్రెసిడెంటు కదల్లేదు. వాచ్‌మన్ భార్య భర్తను చూసింది, పిల్లను భుజం మీదికి మార్చుకుంది.

"రాస్కోండ్రి మేడమ్. ముగ్గురం."

"అట్లనకే, ఉండు," అన్నాడు భర్త.

"ఏందీ ఉండేది? మల్ల తాళమేస్తవా?"

కోడలు అడుగుతూ పోయింది. నేల సిమెంటు. కిటికీలు లేవు. నీళ్ళు మోటారు పక్క పంపువి. ఎక్కువగా తినే ధాన్యం ఏదన్నప్పుడు వాచ్‌మన్ భార్య ప్రెసిడెంటును చూస్తూనే జవాబిచ్చింది: "బియ్యం. దొడ్డువి."

క్రమం ప్రకారం ఆ గదికి మా బిల్డింగ్‌లో మొదటి నంబరు రావాలి. పై ఇళ్ళకు నంబర్లు వేసేశారు కాబట్టి చివరిది దక్కింది. అరవై ఒకటి. రేకు మీద మార్కరు సరిగ్గా పట్టక కోడలు రెండుసార్లు దిద్దింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి అసోసియేషన్ మీటింగ్ మొదలైంది. ఒంటరి వాచ్‌మన్‌ని పెట్టుకుందామన్నాడు ప్రెసిడెంటు. తొమ్మిది చేతులు లేచాయి. వద్దని ఎనిమిది, నాదీ కలిపి. ముగ్గురు ఊళ్ళో లేరు. వాళ్ళొచ్చాక మళ్ళీ చూద్దామన్నారు. లిఫ్టులో ప్రెసిడెంటు నాతో మాట్లాడటం మానేశాడు.

ఊరెళ్ళిన ఆ ముగ్గురూ ఇంకా రాలేదు. రోజూ ఉదయం ఆరుకు నడకకు వెళ్ళే ముందు నేను సెల్లార్‌లోకి దిగుతాను. ముందు రేకు మీద అంకెలు చూస్తాను, తర్వాత గొళ్ళెం. డైరీలో మొదటి వాక్యం ఇప్పుడు అదే. ఈరోజుది: "అరవై ఒకటి ఉంది. బయట తాళం లేదు."