అందరికీ అభయమిచ్చిన రోజు

ఒకే ఒక్క ఉదయం, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, కాప్రాలో ఒక బడినీ, ఉప్పల్‌లో ఒక మిఠాయి దుకాణాన్నీ, పీర్జాదిగూడలో ఒక పళ్ల డాక్టరు గారినీ కలిపి ఎలా ముంచానో చెప్తాను. అదీ దయతో ముంచాను. కోపంతో ముంచేవాళ్లకు కనీసం కాస్త తృప్తయినా మిగులుతుంది. నాకు అదీ దక్కలేదు.

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొంచెం ముందు మాట. నేను కాలేజీ మెట్లెక్కినదాన్ని కాదు. రైల్వేలో సిగ్నళ్లు చూసే మా నాన్నగారు, మౌలాలిలో మా వంటింటి పక్కన పాత కంప్యూటరు ఒకటి పెట్టి నేర్పిందే నా చదువు. ఆ చదువును నమ్మి, నాచారంలో పదిమంది వెబ్‌సైట్లను తన కంప్యూటరులో ఉంచి నడిపే చిన్న కంపెనీ యజమాని యాదగిరి గారు "ఒక నెల సూద్దామమ్మా" అని పనిలో పెట్టుకున్నారు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. ఆ నెలాఖరున కాప్రా బడి వాళ్ల పరీక్ష ఫలితాలు మొట్టమొదటిసారి మా కంప్యూటరు నుంచి నెట్‌లోకి రావాలి. "అది సక్కగ నడిస్తే నువ్వు పర్మినెంటు" అన్నారు. నేను మెషీనుకు కుంకుమ బొట్టు పెట్టాను. ఆ బొట్టొక్కటే నేను చేసిన పనుల్లో హాని లేనిది.

మా దగ్గరున్నది ఒకటే పెద్ద కంప్యూటరు. అందులో ఒక్కొక్క కస్టమరుకు ఒక్కొక్క కంటైనరు. పోర్షన్లుగా అద్దెకిచ్చిన ఇల్లనుకోండి. ఎవరి తలుపు వాళ్లదే గానీ, సామాను పెట్టుకునే హాలు మాత్రం ఉమ్మడి. ఆ హాలే మెమరీ. ఎవరి జాగా ఎంతవరకో నేల మీద గీతలుంటాయి. ఇంటి యజమాని కెర్నల్, అంటే మిగతా ప్రోగ్రాములన్నిటినీ అదుపులో ఉంచే మూల ప్రోగ్రాము. హాలు ఇరుకైతే ఆయన ముందు పాత పేపర్లలాంటివి బయట పారేస్తాడు. కావాలంటే మళ్లీ తెచ్చుకోవచ్చుగా. తర్వాత వాడని సామాను అటక ఎక్కిస్తాడు, అంటే డిస్కు మీదికి. అదీ చాలకపోతే, ఇక తప్పదని, ఎక్కువ జాగా ఆక్రమించిన ప్రోగ్రామును మెడపట్టి గెంటేస్తాడు.

ఆ గెంటుడు గురించి ఆయన తెర మీద రాసిన ఇంగ్లీషు వాక్యం ఒక శనివారం నా కంటబడింది. దాని అర్థం: "మెమరీ అయిపోయింది. వీణ్ణి చంపు, లేదా బిడ్డను బలి ఇయ్యి."

పక్క సీట్లో ఉన్న మా సీనియర్ ఫాతిమక్కను పిలిచాను.

"అక్కా! ఇక్కడ బిడ్డను బలి ఇమ్మంటున్నాడు!"

"ప్రోగ్రామమ్మా అది, పొట్టేలు గాదు. రోజూ అయితది. ఫికర్ జెయ్యకు, చాయ్ తాగు."

చాయ్ ఎలా తాగను? శనివారం నాకు ఒంటిపూట భోజనం. ఖాళీ కడుపులో దయ తొందరగా పుడుతుంది. ఫలానా ప్రోగ్రామును ఎన్నడూ చంపవద్దని కెర్నల్‌కు చెప్పే ఒక గుర్తు ఉందని నాకు తెలుసు. ఆ గుర్తు తల్లి ప్రోగ్రాముకు పెడితే, ఆ తర్వాత దానికి పుట్టే పిల్ల ప్రోగ్రాములకూ వస్తుంది. ఇంకేం! అన్ని కంటైనర్లలోని అన్ని ప్రోగ్రాములకూ ఆ గుర్తు పెట్టే చిన్న స్క్రిప్టు రాశాను. దానికి "అభయం" అని పేరు కూడా పెట్టాను. మెషీను లేచిన ప్రతిసారీ అది దానంతటదే నడిచేలా చేశాను. పనిలో పనిగా, అన్నం పెట్టే చోట కొలతలేమిటని హాల్లో గీతలు కూడా చెరిపేశాను. బయట ఊరంతా విభజన గురించి వాదించుకుంటుంటే, లోపల నేను హద్దులు తీసేసి సమైక్యం సాధించాను. ఎవరికీ చెప్పలేదు. పుణ్యకార్యం చాటుకోకూడదు కదా.

ఫలితాల రోజు వచ్చింది. తల్లిదండ్రులందరూ ఒక్కసారిగా బడి సైటు మీద పడ్డారు. బడి కంటైనరు పెళ్లివారి బస్సులా ఉబ్బింది. కెర్నల్ పాత పేపర్లు పారేశాడు. అటక నింపాడు. చివరికి గెంటడానికి ఎవరున్నారా అని చుట్టూ చూశాడు. అందరూ నా అభయం చూపించారు. పాపం, ఆ పెద్దమనిషి ఏం చేస్తాడు? చంపడానికి ఎవరూ లేరని ఒక ముక్క రాసి, తనే ప్రాణం వదిలేశాడు.

మెషీను మొత్తం పడిపోయింది. యాదగిరి గారి ఫోను మోగింది.

"ఏమండీ, మా గేటు ముందు పేరెంట్స్ గొడవ చేస్తున్నారండీ!" బడి ప్రిన్సిపాల్ గారి గొంతు నాదాకా వినిపించింది.

"ఒక్క నిమిషం మేడమ్, లేపుతున్నం."

లేపారు. అభయం లేచింది. మెషీను పడింది.

"గిదేందమ్మా, మళ్ల పడ్డది!"

మళ్లీ లేపారు. మళ్లీ పడింది. ఈలోపు మిఠాయి వాళ్లు, పళ్ల డాక్టరు గారు కూడా ఫోన్లో క్యూ కట్టారు. ఫాతిమక్క తెర మీది చివరి ముక్క చదివి, మెల్లగా నా వైపు తిరిగింది.

"గిన్ని ప్రోగ్రాములల్ల సంపతందుకు ఒక్కటి గూడ లేదంట. ఏమన్న జేసినవా?"

"జీవహింస వద్దని... అందరికీ అభయమిచ్చానక్కా."

"యా అల్లా!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

స్క్రిప్టు తీసేసి, గీతలు మళ్లీ గీసి, బడికి కాస్త పెద్ద గీత గీసింది. "ఇగ ఏమున్నా గా గీత లోపల్నే కొట్టుకోనీ. పక్క పోర్షన్లకు రావొద్దు" అంది. మెషీను నిలబడింది. బడి కంటైనరు గీత దాటబోయిన ప్రతిసారీ దాని లోపలి పిల్ల ప్రోగ్రాము ఒకటి పోయింది. మరుక్షణం తల్లి ప్రోగ్రాము ఇంకో పిల్లను కంది. పునర్జన్మ అంత త్వరగా జరగడం నేను ఏ పురాణంలోనూ వినలేదు. ఫలితాలు మాత్రం ఆలస్యంగానైనా అందరికీ చేరాయి.

సాయంత్రం యాదగిరి గారు పిలిచారు.

"ఒక్కన్ని పోనియ్యనని, అందర్ని ముంచితివి గదమ్మా."

"ఉద్యోగం పోయినట్టేనా సార్?"

"అడగంగనే నిజం జెప్పినవ్. మస్తు మంది తప్పు మెషీన్ మీదికి తోస్తరు. ఉంటవ్ తియ్యి. గని రేపటి సంది నువ్వు గూడ గీతల్నే ఉండాలె."

దేవుడి దయ అనుకున్నాను. ఆ గీతేమిటో మర్నాడు తెలిసింది. నా పాస్‌వర్డు కొడితే అసలు మెషీను రాలేదు. నా ఒక్కదానికోసం అగ్గిపెట్టంత కంటైనరు తెరుచుకుంది. అందులో నేను మహారాణిని, బయట నా మాట చెల్లదు. నేను అందులో తెరిచిన మొట్టమొదటి ప్రోగ్రామును, జాగా చాలలేదని, కెర్నల్ కృతజ్ఞతగా అక్కడికక్కడే చంపేశాడు.

అందుకని పాఠకుల సమక్షంలో, పవిత్రమైన కీబోర్డు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవ్వరికీ అమరత్వం ప్రసాదించను. వరాలివ్వడం దేవుడి పని. ఆయనైనా ఇచ్చే ముందు, హాల్లో జాగా ఎంతుందో ఒకసారి చూసుకుంటే మంచిది.