పన్నెండు చుట్లు

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. ఊరందరికీ ఆయన చుట్ల బాబాయి. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా నీళ్ళ గొట్టాల వాల్వులు తిప్పడమే పని. రోడ్డు మధ్యనున్న ఇనప మూత ఎత్తి, గుంటలోకి పొడుగాటి కడ్డీ దింపి, పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకుంటాడు. ఆ సమయంలో ఎవరైనా పలకరించారో, వాళ్ళ పని అయిందే. కస్సుమని లేచి, వాల్వు కట్టేసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఇంత చిరాకు మనిషిని ఊరు ఎలా భరించిందంటే, ఆయన చేతికి పక్షపాతం లేదని అందరికీ తెలుసు. ఆ ఒక్క మాటే ఆయన ఆస్తి. అది పోతే తాను బతికుండీ దండగే అనుకునే రకం.

రెండేళ్ళుగా వాన మొహం చాటేసింది. జలాశయం అడుగంటి, నాలుగు రోజులకోసారి అరగంట నీళ్ళు వదిలే గతి పట్టింది. ఇంజనీరు కుర్రాడు కాగితం మీద గీతలు గీసి, "బాబాయ్, ఐదు వీధులూ ఒకేసారి తెరవండి. ఒక్కో వాల్వు ఇరవైకి బదులు పన్నెండు చుట్లు. అందరికీ సమానం," అన్నాడు.

కాగితం మీద సమానమే. నీళ్ళకు కాగితం చదవడం రాదు కదా. పల్లంలో ఉన్న నాలుగు వీధులూ ఉన్న నీళ్ళన్నీ తాగేస్తే, మిట్ట మీదున్న మెట్ల సందుకు కుళాయిల్లోంచి గాలి ఈల వేసుకుంటూ వచ్చింది. అక్కడ పదకొండు ఇళ్ళు. మూడో ఇంట్లో బట్టలు కుట్టుకునే ఆవిడ, మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటూ ఉంటుంది. కుళాయి చూడమంటే బాబాయి వెళ్ళాడు. ఆవిడ ఒక్క చెంబు నీళ్ళలో గుడ్డ తడిపి అత్తగారి వీపు తుడిచి, అవే నీళ్ళలో దుప్పటి మరక ఉతుకుతోంది. ఆయన కుళాయి తిప్పి చూసినట్టు నటించి దిగి వచ్చేశాడు.

ఆ వారం కింది నాలుగు వీధుల్లోనూ పన్నెండుకు బదులు పదే తిప్పాడు. ఎవరికీ చెప్పలేదు. మెట్ల సందులో ఇంటికి మూడేసి బకెట్లు పడ్డాయి. ఆ సంతోషం ఒక్క పూటే. బేకరీ నడిపే పెద్దాయన గుంట పక్కనే నిలబడి లెక్కపెట్టాడట. నేరుగా ఇంజనీరు దగ్గరికి వెళ్ళి, "మీ మనిషి చేయి వంకర తిరుగుతోంది," అన్నాడు.

ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఆ మాట వినడం అదే మొదలు. బాబాయికి ఆ రోజు అన్నం సయించలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పది తిప్పితే మాట పోతుంది, పన్నెండు తిప్పితే సందు ఎండుతుంది. అప్పుడు ఆయనకో ఉపాయం తోచింది. ఎంతో నిజాయితీగల మనిషికి తప్ప ఇలాంటి పాడు ఉపాయం తోచదు. మూడు వీధులకు ఠంచనుగా పన్నెండు చుట్లు. నాలుగోదైన తానుండే వీధికి మాత్రం నాలుగు, అక్కడ మిగిలిన నీళ్ళు మిట్టకు. సొంత వీధిని కోసుకునేవాణ్ణి పక్షపాతి అని ఎవరంటారు? తన వీధిలో తనను అనుమానించేదెవరు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

ఆయన భార్య ఆసుపత్రిలో గదులు తుడుస్తుంది. నీళ్ళొచ్చే రోజు బకెట్టు కింద పెట్టుకుని, సన్నటి ధార వంక చూస్తూ కూర్చునేది.

"ఏమయ్యా, నువ్వే నీళ్ళ మనిషివి. మన కుళాయికే ఈ రోగమేంటి?" అంది ఒకనాడు.

"గొట్టంలో తుప్పు," అన్నాడాయన మొహం తిప్పుకుని.

ఆమె నమ్మింది. ఇరవయ్యేడేళ్ళు కాపురం చేసిన మనిషి మాట నమ్మక ఏం చేస్తుంది? బడి దగ్గర ట్యాంకరు ఆగితే రెండు చేతుల్లో రెండు బకెట్లు మోసుకొచ్చేది. మూడో వారం, బడి మెట్ల మీద ఎవరో ఒలకబోసిన తడికి కాలు జారింది. కుడి మణికట్టు విరిగింది. కరువులో అధికమాసం అంటే ఇదే. కట్టు కట్టించుకొచ్చాక ఆమె ఏడ్చింది నొప్పికి కాదు, రెండు బకెట్ల నీళ్ళూ ఒలికిపోయాయని. బాబాయి పక్కనే కూర్చుని చెప్పాలనుకున్నాడు. ఖాళీ బకెట్లు మూలకు సర్ది లేచిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

అయినా తర్వాతి వంతుకు కూడా నాలుగే తిప్పాడు. అప్పుడు గుంట ఎదురింటి అరుగు మీద, రిటైరైన బస్సు కండక్టరు కూర్చుని ఉన్నాడు. ఆయనకు జన్మంతా తలలు లెక్కపెట్టడమే అలవాటు.

"నాలుగుకే ఆపేశావేం?" అన్నాడు. "పోయినసారీ నాలుగే. పొరపాటేమో అనుకున్నాను."

బాబాయి కడ్డీ బయటికి తీసి అరుగుకు ఆనించాడు. అబద్ధం ఆడే ఓపిక కూడా లేకపోయింది. మొత్తం చెప్పేశాడు. అరుగు చుట్టూ జనం పోగయ్యారు. తమ ఇంటి గుమ్మంలో కట్టు చేత్తో భార్య నిలబడి ఉందని చివర్న చూశాడు.

"అత్తసొమ్ము అల్లుడు ధారపోసినట్టుంది," అన్నాడు కండక్టరు. "మంచివాడివి నువ్వు, మోసేది మేము."

భార్య లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండు అనుకున్నాడు.

సంగతి ఇంజనీరుకు చేరింది. ఇక మీదట వీధికొకరు గుంట దగ్గర నిలబడి పైకి లెక్కపెట్టాలి, బాబాయి పని కడ్డీ తిప్పడం వరకే. ముప్ఫయ్యొక్క ఏళ్ళ మాట అక్కడితో పోయింది. తన వీధి తరఫున ఎవరని అడిగితే అందరూ ఆయన భార్యనే చూపించారు.

తర్వాతి వంతు నాటి ఉదయం బేకరీ పెద్దాయన పన్నెండూ గట్టిగా లెక్కపెట్టి తిప్పించుకున్నాడు. బడి వీధివాళ్ళూ, మార్కెట్టు వీధివాళ్ళూ అంతే. బాబాయి తన వీధి గుంటలోకి కడ్డీ దింపాడు. ఆమె ఎదురుగా నిలబడింది, కట్టు చేయి గుండెకు ఆనించుకుని.

"ఒకటి," అంది. "రెండు." గొంతులో కోపమూ లేదు, చనువూ లేదు. "తొమ్మిది. పది. చాలు, ఆపు."

బాబాయికి అర్థం కాలేదు. "ఇంకా రెండున్నాయే."

"మెట్ల సందుకి. నిన్న ఎక్కి చూసొచ్చాను, ఆ ముసలావిణ్ణి. తర్వాత మన వీధిలో ఇంటింటికీ వెళ్ళి అడిగాను."

"అడిగితే ఇచ్చారా?"

"ఇద్దరు విసుక్కున్నారు. కండక్టరన్నయ్య ముందు తిట్టాడు, తర్వాత సరేనన్నాడు. ఇచ్చారు."

పది చుట్లు. రెండు చుట్లతో మిట్ట మీదికి ఇంటికో అరబకెట్టు కూడా ఎక్కదు, ఆ సంగతి ఆయనకు తెలుసు. కడ్డీ పైకి లాగబోయి ఆగిపోయాడు.

ఆమె అప్పుడు, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి, ఆయన మొహంలోకి చూసింది.

"నన్ను అడగడానికి నీకేమైందయ్యా?"