మెంతిపిండి దిష్టిబొమ్మ

2022 హాలోవీన్ సాయంత్రం మా ఇంటి తలుపు ఎవరూ తట్టలేదు. కెనడాలోని గ్వెల్ఫ్‌లో ఈ ఇల్లు కొన్నప్పటి నుంచి ఏ ఏడూ అలా జరగలేదు. వేషాలు వేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ తిరిగే పిల్లలు మా ఎడమవైపు ఇంటి మెట్లెక్కారు, కుడివైపు ఇంటి మెట్లెక్కారు, మధ్యలో మమ్మల్ని మాత్రం ఖాళీ స్థలాన్ని దాటినట్టు దాటిపోయారు. స్టీలు బేసిన్‌లో పోసిన చాక్లెట్లు పోసినట్టే ఉన్నాయి. ఆ ఏడాది ఆగస్టులోనే మా బేస్‌మెంట్‌లోకి ఇద్దరు విద్యార్థినులు అద్దెకు వచ్చారు. ఒకరిది కరీంనగర్ వైపు, మరొకరిది భీమవరం వైపు. ఈ రెండు విషయాలనూ కలుపుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

అందుకు తగిన ఆధారం కూడా ఉంది. మన పిల్లలు ఇక్కడి కాలేజీలకు విమానాలు నిండి వస్తున్న రోజులవి. అద్దెలు పెరిగినా, బస్సులో సీటు దొరకకపోయినా, చివరికి రోడ్డు మీద గుంట పడినా, జనం చూపు ఆ పిల్లల వీపుల మీది బ్యాగుల వైపే తిరిగేది. ఎదురింటి పెద్దమనిషి రిటైరయ్యాక పగలంతా కిటికీ దగ్గరే ఉంటారు. మా ఆడపిల్లలు సూట్‌కేసులు దించుకుంటున్న రోజునే ఆయన నన్ను పిలిచి, ఇంకా ఎంతమందిని దించబోతున్నారని అడిగారు. ఇద్దరే, బేస్‌మెంట్‌కు పర్మిట్ ఉంది, కిటికీ కొలత కూడా రూలు ప్రకారమే ఉందని చెప్పాను. అడగని వివరాలు చెప్పుకోవలసి వచ్చినందుకు ఆ రోజంతా నా మీద నాకే మంటగా ఉంది.

మరుసటి ఏడాది అక్టోబరు మొదలవగానే కరీంనగర్ అమ్మాయి వంటింట్లోకి వచ్చి, గిన్నెలు తుడుస్తూ అసలు సంగతి చెప్పింది.

“పోయినేడు మా వల్లనే పిల్లలు రాలే గదాంటీ. ఈసారి గూడ రాకుంటే, డిసెంబర్‌ల సెమిస్టర్ అయిపోంగనే నేను వేరే రూమ్ చూసుకుంట. మా వల్ల మీకు మాట రావద్దు.”

“ఎవరి వల్ల ఎవరికి మాట వస్తుందో నేను తేల్చుకుంటాను. నువ్వు ముందు ఆ గిన్నె కింద పెట్టు, అరిగిపోతోంది.”

ఆ పిల్ల నవ్వలేదు. అంతకుముందు ఉన్న చోట పొరుగువాళ్ల ఫిర్యాదు వల్ల ఒక్క వారం గడువులో గది ఖాళీ చేసిందని నాకు తెలుసు. కాబట్టి ఆమె అన్నది మర్యాదకు అన్న మాట కాదు. ఈ ఏడాది పిల్లలు మా మెట్లెక్కకపోతే ఆమె నిజంగానే వెళ్లిపోతుంది.

ఆ రాత్రే మా ఇంటి ముందు ఏదో ఒకటి నిలబెట్టాలని నిర్ణయించాను.

“స్టోర్‌లో గాలి నింపే దెయ్యం బొమ్మలు అమ్ముతున్నారుగా, ఒకటి తెచ్చి పడేస్తే పోలా?” అన్నారు మావారు.

గాలి దెయ్యాలు వీధిలో అప్పటికే చాలా ఉన్నాయి. పగలు పంపు ఆపగానే అవి పచ్చగడ్డి మీద తడి బట్టల్లా పడి ఉంటాయి. అలాంటిది మరొకటి పెడితే ఎవరు ఆగి చూస్తారు? భయపెట్టే ముఖాలు చేయడంలో మనవాళ్లకు అనుభవం తక్కువేమీ కాదు. మన ఊళ్లలో కట్టుబడిలో ఉన్న ప్రతి ఇంటి ముందూ ఉబ్బిన కళ్లతో, మెలితిప్పిన మీసాలతో, బయటపెట్టిన నాలుకతో వేలాడే దిష్టిబొమ్మ కంటే హాలోవీన్‌కు తగినది ఏముంటుంది? కొనను, చేస్తాను అన్నాను. నాకు పద్ధతి కూడా తెలుసు. విజయనగరంలో మా అమ్మ పాత కాగితాలు నానబెట్టి, మెంతులూ గంజీ కలిపి రుబ్బి, ఆ గుజ్జును బోర్లించిన బిందె మీద మెత్తి బుట్టలు చేసేది. గంజి వల్ల గట్టిగా పట్టేది, మెంతుల చేదు వల్ల పురుగు చేరేది కాదు. ఆ బుట్టల్లో మేము ఏళ్ల తరబడి అప్పడాలు దాచుకున్నాం.

నేను అలాగే చేశాను. తలుపు దగ్గర పడే ప్రకటనల కాగితాలన్నీ నానబెట్టి, మిక్సీలో తిప్పి, మెంతిపిండీ గంజీ కలిపి, బిర్యానీ గిన్నె మీద బొటనవేలంత మందాన మెత్తాను. ముక్కు బాగా కుదిరింది. వెనకాల చెక్క డెక్ మీద ఎండబెట్టాను.

మా అమ్మ పద్ధతిలో ఆమె ఎన్నడూ పైకి చెప్పని దినుసు ఒకటుంది. అది మే నెల ఎండ. ఒంటారియోలో అక్టోబరు ఎండ చూసుకోవడానికే తప్ప ఎండబెట్టుకోవడానికి పనికిరాదని ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్న నాకు తట్టకపోవడం ఇప్పటికీ మింగుడుపడదు. వారం దాటినా గుజ్జు చల్లగా, మెత్తగానే ఉంది. చెంప మీద బూడిదరంగు బూజు పట్టింది. మెంతుల వల్ల పురుగు చేరలేదు, అది నిజమే. గంజి కోసం ఉడుతలు వచ్చి ఒక చెవి తినేసి వెళ్లాయి.

ముందువైపు కాస్త ఎక్కువ ఎండ పడుతుందని దాన్ని తీసుకెళ్లి మేపుల్ చెట్టుకు ఆనించాను. సాయంత్రానికల్లా ఎదురింటాయన రోడ్డు దాటి వచ్చారు. ఆయన ఇంగ్లీషులో చాలా మృదువుగా అన్నది ఇది: “మీ స్టూడెంట్లు చెత్త ఇంటి ముందే వదిలేశారు, మీరు చూసినట్టు లేరు.”

మీ స్టూడెంట్లు! ఆ ముఖాన్ని చేసింది నేను. చలికాలంలో ఆయన వాకిట్లో మంచు తవ్విపెట్టిన చేతులతో, ఫ్యాక్టరీలో కారు విడిభాగాల్లో వెంట్రుకవాసి లోపాలు పట్టుకునే చేతులతో చేశాను. అది చెత్త అనుకోవడం ఆయన ఇష్టం, దానికి నేనేమీ అనను. కానీ చెత్త కనిపించగానే, అడగకుండానే, అది ఎవరిదో ఆయనకు తెలిసిపోయింది. నాకు ఒళ్లు మండింది అక్కడ. “అది నాది, ఇంకా పూర్తి కాలేదు” అన్నాను. “ఓ,” అన్నారాయన.

ఆ కోపంలో రెండో తప్పు చేశాను. రెండో బొమ్మను నేరుగా ఓవెన్‌లో పెట్టాను. పైపెంకు బిస్కెట్‌లా ఎండింది, లోపల తడి ఆవిరై తన్నుకొచ్చి నుదుటి నుంచి గడ్డం దాకా నిలువునా పగిలింది. ఇల్లంతా మెంతుల వాసన పట్టేసింది. కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేసే భీమవరం అమ్మాయి మర్నాడు నవ్వలేక నవ్వుతూ వచ్చింది.

“ఆంటీ, నా బట్టల వాసన చూసి, ఒంటి మీద మేపుల్ సిరప్ ఒలకబోసుకున్నావా అని మా మేనేజర్ అడిగాడండీ. మెంతులకి ఇంగ్లీషులో ఏమంటారో కూడా గుర్తు రాలేదు, సిరపేనండీ అనేశాను!”

“మంచి పని చేశావ్. ఈ దేశంలో దానికే గౌరవం ఎక్కువ.”

మేము పనిచేసే చోట ఒక భాగం ఎందుకు విరిగిందో తేల్చకుండా రెండోది చేయనివ్వరు. ఇంట్లో ఆ నియమం నేనెందుకు మరిచానో తెలియదు. ఈసారి పగిలిన ముక్కలను బల్ల మీద పరిచి చూశాను. మందం ఎక్కువ, అదీ కారణం. అందుకే మూడోసారి దోసె అంత పలచగా ఒక పొర, దాన్ని హీటింగ్ గాలి వచ్చే రంధ్రం మీద పూర్తిగా ఎండనిచ్చి, ఆ తర్వాతే రెండో పొర వేశాను. గంజికి బదులు వడ్రంగి జిగురు వాడాను. మెంతిపిండిని మాత్రం మానలేదు. దానివల్ల ఉపయోగం లేదని మావారు అన్నందుకే మానలేదు. పొరల మధ్య పట్టుకు కరీంనగర్ అమ్మాయి తన పాత కాటన్ చున్నీ చింపి ఇచ్చింది. రంగు వేసే ముందు చెవి మీద కొంచెం పూసి నీళ్లు చల్లి చూశాను. పోస్టర్ రంగు కారిపోయింది. దాన్ని పక్కన పెట్టి, గరాజ్‌లో మిగిలిన బయటిగోడల రంగు వేసి, పైన వార్నిష్ పూశాను. మీసాలకు మాప్ నూలు వాడి, నల్లరంగులో ముంచాను. నాలుకకు ఎర్రగుడ్డ కుట్టాను. కళ్ల వెనక చిన్న బ్యాటరీ లైట్లు పెట్టాం.

అది వానలో నిలబడింది. గాలికి కదలలేదు. ఉడుత వచ్చి, వాసన చూసి, వెళ్లిపోయింది.

హాలోవీన్ మంగళవారం వచ్చింది. చినుకుల్లో మంచు కలిసి పడుతోంది. దిష్టిబొమ్మను మెట్ల పక్కన నిలబెట్టి, బేసిన్ నింపుకొని ముందుగది కిటికీ దగ్గర కూర్చున్నాను. బొమ్మ కళ్లు వెలుగుతున్నాయి, అంతా సవ్యంగా ఉంది. పిల్లలు వచ్చారు. మా వాకిలి ముందు ఆగి, వేలు చూపించి, ఏదో అనుకుని, ముందుకు వెళ్లిపోయారు. ఆ తర్వాతి గుంపూ అంతే. ఎదురింటాయన తన వాకిట్లో మడతకుర్చీ వేసుకుని చాక్లెట్లు పంచుతూ, మా ఇంటివైపు చెయ్యి ఊపి పిల్లలతో ఏదో చెప్పడం నా కళ్లారా చూశాను. పిల్లలు రాకముందే క్లాసు నుంచి వచ్చిన కరీంనగర్ అమ్మాయి నా వెనక నిలబడి, అంతా చూసి, కిందికి వెళ్లిపోయింది.

నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా రోడ్డు దాటాను. పిల్లలను మా ఇంటికి ఎందుకు పోనివ్వడం లేదని అడిగాను.

“మీ పోర్చ్ లైటు ఆరిపోయి ఉంది,” అన్నారాయన. “లైటు ఆర్పిన ఇంటికి వెళ్లకూడదని పిల్లలకు చెప్పాను. పోయినేడూ ఆర్పేశారు. మీవాళ్లు దీన్ని జరుపుకోవడం మానేశారనుకున్నాను.”

వెనక్కి తిరిగి చూశాను. చీకట్లో రెండు కళ్లు మండుతున్నాయి, వాటి వెనక ఇల్లు నల్లగా ఉంది. లోపలి నుంచి చూసిన నాకు ఆ కళ్ల వెలుగే కనిపించింది గాని, మా పోర్చ్ దీపం వెలగడం లేదన్న సంగతి కనిపించలేదు.

“మీ మనవరాలు నడక నేర్చినప్పటి నుంచి ప్రతి ఏడూ మా చాక్లెట్లు తింది,” అన్నాను. “రెండేళ్లుగా మా లైటు ఆరి ఉంటే, తలుపు తట్టి ఒక్క మాట అడగవచ్చు కదా? చెత్త సంగతి చెప్పడానికి వచ్చారుగా!”

ఆయన చేతిలోని చాక్లెట్ ప్యాకెట్ కింద పెట్టారు. “అడగాల్సింది,” అన్నారు. ఆ తర్వాత, ఊరుకోలేక కాబోలు, “కానీ అప్పుడది నిజంగానే చెత్తలా ఉంది,” అన్నారు.

ఇంటికి వచ్చి లైటు ఎవరు ఆర్పారని అరిచాను. కరీంనగర్ అమ్మాయి మెట్ల మీదికి వచ్చింది.

“నేనే ఆపిన ఆంటీ. లోపటికి రాంగనే బయట లైటు ఆపాలె అని అంకుల్ చెప్పిండు గదా, కరెంటు వేస్ట్ అని. రోజూ ఆపుత. పోయినేడు గూడ ఆపిన.”

మావారు టీవీలోకి తల పెట్టినంత దగ్గరగా వంగారు. “మామూలు రోజుల సంగతి చెప్పానమ్మా నేను, పండగ నాడు కాదు.”

“ఆ మాట అప్పుడే చెప్పాల్సింది అంకుల్.”

“చెప్పాల్సింది,” అన్నాను నేను. ఆ తర్వాత ఆయనతో అన్న మాటలు ఇక్కడ రాయను. స్విచ్ మాత్రం నేనే వేశాను.

మొదట వచ్చింది ఒక డైనోసారు, దాని వెనక ఒక నర్సు. డైనోసారు దిష్టిబొమ్మను దాటలేక మెట్ల కిందే ఆగిపోయింది. కరీంనగర్ అమ్మాయి బేసిన్ తీసుకుని దిగివెళ్లి, వానలో గొంతుకూర్చుని, ఇది నిన్నేం చేయదు, మనల్ని చెడ్డగా చూసేవాళ్లను మాత్రమే చూస్తుందని ఇంగ్లీషులో వివరించింది. డైనోసారు ఆలోచించి, రెండు చాక్లెట్లు తీసుకుంది. ఆ మాట వినపడేంత దూరంలోనే ఎదురింటాయన మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను ఆయన వైపే చూశాను. చూపు తిప్పుకోలేదు.

పిల్లలు వస్తూనే ఉన్నారు. బేసిన్ అడుగు కనిపించాక ఆ అమ్మాయి తడిసిన జుట్టుతో పైకి వచ్చింది.

“ఆంటీ, దీన్ని గరాజ్‌ల పెడదామా? బేస్‌మెంట్‌ల అయితే పొడిగ ఉంటది, నా మంచం కింద జాగ ఉంది. వచ్చే ఏడు కోరలు పెడుదం.”

“నువ్వు డిసెంబర్‌లో వెళ్లిపోతానన్నావు కదా?”

“ఇది ఉండంగ ఎట్ల పోత ఆంటీ,” అంటూ మీసం మీది నీళ్లు తుడిచింది. “ఎవరో ఒకలు చూసుకోవాలె గద.”