మామిడి కొత్త పెట్టిన గురువారం

పల్లాల పుల్లయ్య రోజూ పొద్దున్నే ట్రాము దిగి, పనికి వెళ్ళే తిన్నని దారి వదిలేసి చుట్టు తిరిగి వెళ్ళేవాడు. కార్ల్స్‌రూహెలో అతను యంత్రాలు చూసుకునే ల్యాబు పాత రాజమహలుకు తూర్పున ఉంటే, జర్మనీ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం పడమరన ఉంది. ఆ అద్దాల గోడల ముందు ఆగి, ఉన్ని టోపీ తీసి, ముత్యాలమ్మకు పెట్టినట్టే దండం పెట్టి కదిలేవాడు. మొదట్లో అక్కడి కాపలాదారు అనుమానంగా చూశాడు. రానురాను తనే ముందు "మోర్గెన్!" అని పలకరించడం అలవాటు చేసుకున్నాడు.

"అదేమన్నా గుడా పుల్లయ్యగారూ?" అని పై అంతస్తులో ఉండే ఇందుమతి ఒకసారి నవ్వింది. ఆమెది రాజమండ్రి, ఐటీ ఉద్యోగం. పుల్లయ్య వచ్చిన కొత్తలో చిరునామా నమోదుకి, అదే అన్‌మెల్డుంగ్‌కి, అపాయింట్‌మెంట్ తీసి, సెలవు పెట్టుకుని మరీ వెంట వచ్చిన మనిషి.

"గుడి కాదమ్మా. పుస్తకంలో రాసిన మాట నిలబెట్టే ఇల్లు కదా."

"మన పుస్తకం వేరు, వీళ్ళ పుస్తకం వేరు కదండీ."

"మీరు చర్చి ముందు లెంపలేసుకోలేదామ్మా మొన్న?"

పక్కనున్న ఆమె కూతురు ఈషా పకపకా నవ్వింది.

పుల్లయ్యది ఇప్పగొంది, గోదావరి కొండల్లో కొండరెడ్లనే గిరిజనుల ఊరు. వాగుకు అవతలి ఊళ్ళన్నీ రాజ్యాంగం అయిదో షెడ్యూలులోకి ఎక్కాయి. ఇవతలున్న ఇప్పగొంది ఎక్కలేదు. ఎప్పుడో ఆ జాబితా రాసినవాళ్ళు వాగు దాటి రాలేదంతే. దాంతో అవతల కొండరెడ్డి పొలాన్ని బయటివాళ్ళు కొనడానికి లేదు, సర్పంచి కూడా కొండవాడే కావాలి. ఇవతల ఆ రెండూ లేవు. సర్పంచి ఎప్పుడూ కింది ఊరి ఆసామే. ఇప్పగొంది వాళ్ళు పంచాయితీ ఆఫీసుకు వెళితే గుమ్మం దగ్గర నిలబడి చెప్పుకుని రావడమే. జీడితోటలవాళ్ళు వాలుపొలాలు ఒక్కొక్కటే కలిపేసుకుంటున్నారు.

ఆ ఊళ్ళో పాలిటెక్నిక్ దాకా చదివింది పుల్లయ్య ఒక్కడే. ఊరిని షెడ్యూలులో చేర్చమని పదేళ్ళుగా అర్జీలన్నీ అతనే రాశాడు. దేశం దాటి వచ్చాకా రాస్తూనే ఉన్నాడు.

ఆ వేసవిలో ఇందుమతి ఇండియన్ షాపు నుంచి మామిడిపళ్ళు తెచ్చి ఇస్తే, పుల్లయ్య కళ్ళకద్దుకుని కిటికీ గట్టు మీద పెట్టాడు.

"తినండి, పాడైపోతాయి."

"మా ఊళ్ళో కొత్త పెట్టలేదింకా. అమ్మవారికి చూపించకుండా నోట్లో పెట్టకూడదు."

మామిడి కొత్త ఎప్పుడు పెట్టాలో చెప్పేది పుల్లయ్య మేనమామ కెచ్చెల బుచ్చిరెడ్డి. ఆ ఏడు మంగళవారం అనుకున్నాడు. పుల్లయ్యకు ఆ రోజు పని. గురువారం మాత్రం ఏసుప్రభువు పరలోకానికి వెళ్ళిన పండగని ఇక్కడ అందరికీ సెలవు. ఫోన్లో వీడియో పెడితే పండగంతా చూడొచ్చని ఆశపడ్డాడు.

"మావా, రెండు రోజులు ఆగరాదా? నేనూ చూసుకుంటా."

"ఒక్కడివే అంత దూరాన ఉన్నావ్. సరేలే అల్లుడా, గురువారమే పెడదాం." బుచ్చిరెడ్డి ఆ సాయంత్రమే అమ్మవారికి పసుపుగుడ్డ కట్టి రోజు చెప్పేశాడు. ఒకసారి చెప్పాక ఆ రోజు మార్చరు. పండగనాడు దారికి మామిడాకుల తోరణం కడతారు. అమ్మవారి ముందు కాయ కోసి, అందరూ తిని, పొద్దు గూకేదాకా ఊరి మనిషెవడూ ఆ కట్టు దాటకూడదు.

సోమవారం నాడు ఊరి నుంచి పుల్లయ్య ఫోనుకు నోటీసు ఫొటో వచ్చింది. పదేళ్ళ అర్జీలకు జవాబు అది. ఊరిని షెడ్యూలులో చేర్చాలని గ్రామసభ తీర్మానం కావాలట. సగంమంది వచ్చి చేతులెత్తాలట. మండలాఫీసులో, గురువారం పదకొండు గంటలకు.

పుల్లయ్య మండలాఫీసుకు ఫోన్ చేశాడు. అక్కడి గుమాస్తా మెత్తనివాడే, విసుక్కోకుండా అంతా విన్నాడు. "నిజమే అన్నా, పండగే. కానీ తేదీ పైనుంచి వచ్చింది. పోనీ నువ్వు అడుగుతున్నావని రాద్దామంటే, ఓటర్ల లిస్టులో నీ పేరే లేదు. ఏం చెయ్యమంటావ్?"

గురువారం పొద్దున ఏడున్నరకు, అంటే అక్కడ పదకొండుకు, ఫోన్లో తోరణం కనిపించింది. దాని వెనక కొత్తబట్టల్లో ఊరంతా.

"మావా, నీ కాళ్ళు పట్టుకుంటా. సగంమందిని పంపు మావా."

"కట్టు కట్టాక ఎవడు దాటతాడ్రా? నువ్వైతే దాటతావా?"

పుల్లయ్యైనా దాటడు. బుచ్చిరెడ్డి కత్తితో కాయ కోశాడు, ముక్క ఫోనుకు చూపించాడు. అమ్మా, నువ్వే చూసుకో అనుకున్నాడు పుల్లయ్య గాని, ఏం చూసుకోమని అడగాలో కూడా తోచలేదు.

మండలాఫీసులో పన్నెండు దాకా చూసి, "గ్రామస్థులు ఎవరూ హాజరు కాలేదు, చేరిక కోరడం లేదు" అని రాసేశారు. మళ్ళీ ఎప్పుడు అడుగుతారో ఎవరూ చెప్పలేదు.

వారం తిరక్కుండానే మేనమామ కూతురు ఫోన్ చేసింది. "బావా, నాన్నని అందరూ తిడతన్నారు. మంగళారం పెట్టకుండా గురువారం ఎందుకు పెట్టావని. వచ్చే ఏటి నుంచి రోజు చెప్పొద్దన్నారు. నాన్నేమో ఎందుకో చెప్పట్లేదు."

"స్పీకరు పెట్టు. నేనే అడిగానని చెప్తా, అందర్నీ పిలు."

అవతల బుచ్చిరెడ్డి ఫోన్ లాక్కున్నాడు. "నోర్ముయ్. రేపు కాయితం రాయాలంటే ఊళ్ళో నీ మాట నిలబడాలి. నేను ముసలోణ్ణి, నా మాట పోతే పోయింది." ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. కూతుర్నీ ఎత్తనివ్వలేదు.

మర్నాడు పుల్లయ్య అద్దాల గోడల ముందు నిలబడ్డాడు గాని చేతులు లేవలేదు. కాపలాదారు దగ్గరికొచ్చి, ఒంట్లో బాగుందా అని అడిగి, తన ఫ్లాస్కులోని కాఫీ మూతలో పోసి ఇచ్చాడు. పుల్లయ్య తాగాడు.

ఆ శనివారం ఇందుమతి పెట్టె సర్దుకుంటోంది, ఆదివారం రాజమండ్రి ప్రయాణం. పుల్లయ్య మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చేతిలో ఆమె ఇచ్చిన మామిడిపళ్ళు, ముడతలు పడిపోయి.

"అయ్యో, కొత్త అయిపోయిందిగా, తిన్లేదా?"

"దిగలేదమ్మా." పళ్ళు గుమ్మం పక్కన పెట్టాడు. "రాజమండ్రి నుంచి మా ఊరికి మూడు గంటల దారి. మిమ్మల్ని అడగకూడదు, అయినా అడుగుతన్నా. ఒక్కపూట మా ఊరెళ్ళండమ్మా. అర్జీ రాయమని కాదు, ఆఫీసుకెళ్ళమనీ కాదు. నలుగుర్నీ పిలిపించి, మా మావ అడ్డొచ్చినా ఆగకుండా, గురువారం పెట్టమని అడిగింది పుల్లయ్యేనని చెప్పి రండి."