ఒక్క నిమిషం ఉందా?

మా బాబాయికి ఒక్కటే జబ్బు. ఫొటోలు కొనేవాళ్ళకి తప్ప అందరికీ ఫొటోలు చూపిస్తాడు.

ఆయన ఫొటోగ్రాఫర్లకి ఏజెంటు. వాళ్ళ ఫొటోలు ఆల్బమ్‌లుగా కట్టి, ఊరూరా తిరిగి, కంపెనీల వాళ్ళకి చూపించి, ఆ ఫొటోగ్రాఫర్లకి పని సంపాదించి పెట్టాలి. చూపించడంలో ఆయన ఏ లోటూ చేయడు. కాకపోతే కంపెనీ గది తలుపు చేరేలోగా దారిలో ఎదురైన ప్రతి ప్రాణికీ చూపిస్తాడు. "ఒక్క నిమిషం ఉందా?" అంటాడు. ఉందన్నవాళ్ళని నలభై నిమిషాల దాకా వదలడు. లేదన్నవాళ్ళకి వాళ్ళ పక్కనే నడుస్తూ చూపిస్తాడు. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర, నోట్లో పనిముట్లు ఉండగానే, చేతి సైగతో అడిగాడు. డాక్టరు చూశాడు. పన్ను మర్నాటికి వాయిదా పడింది.

చూపించాక జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంటాడు. ఏమిటని అడిగితే ఆఫీసు పని అంటాడు. ఆ ఆఫీసులో ఉన్నదే ఆయనా నేనూ. నాకు తెలియని ఆఫీసు పని ఏముంటుందో ఆయనే చెప్పాలి.

పోయిన నెల మూడు ఆల్బమ్‌లు పట్టుకుని ఇద్దరం రెండు రోజులు పక్క నగరానికి వెళ్ళాం. ఒకటి సబ్బులూ సీసాలూ తీసే ఆయనది. ఇంకొకటి భవనాలు తీసే ఆయనది. మూడోది మేం నిద్రలావిడ అని పిలుచుకునే ఆవిడది. ఆవిడ నిద్రపోయేవాళ్ళని తప్ప ఇంకెవరినీ తీయదు. బస్సు కిటికీకి తల ఆనించినవాళ్ళు, మంగలి కుర్చీలో మెడ వాల్చేసినవాళ్ళు, లైబ్రరీలో తెరిచిన పుస్తకం మీద చెంప పెట్టుకున్నవాళ్ళు. తీశాక లేపి, ఈ ఫొటో నలుగురికీ చూపించవచ్చా అని అడుగుతుంది. అందుకు తిట్లు కూడా బాగానే తింది.

మేం బయల్దేరే ముందు ఆవిడ ఆఫీసుకొచ్చి మెల్లగా ఒక మాట చెప్పింది. ఈసారి కూడా ఏమీ తేలకపోతే కెమెరా అమ్మేసి, ఒకటో తారీఖు నుంచి వాళ్ళ అన్నయ్య టైల్స్ షాపులో కూర్చుంటుందట. నా ప్రాణం ఉసూరుమంది. బాబాయి మాత్రం, రేపు సాయంత్రం స్టేషన్ నుంచే ఫోన్ చేస్తానని చెప్పి పంపేశాడు. రైలెక్కగానే ఆవిడ ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుని, నాలుగు పేజీలు తిప్పి, గురక మొదలుపెట్టాడు. ఆవిడ బతుకు మీద ఈయనకున్న శ్రద్ధ ఇదన్నమాట అనుకున్నాను.

మొదటి అపాయింట్‌మెంట్ పదకొండింటికి, ఏడో అంతస్తులో ఉన్న ప్రకటనల కంపెనీతో. బాబాయి లిఫ్టు నడిపే ఆవిడని ఒక్క నిమిషం అడిగాడు. ఆవిడ భవనాల ఆల్బమ్ చూస్తూ మమ్మల్ని పదకొండో అంతస్తుకి తీసుకెళ్ళింది. తర్వాత కిందికి తీసుకెళ్ళింది. మళ్ళీ పదకొండుకి తీసుకెళ్ళింది. మేం ఏడులో దిగేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యం. లోపలి పెద్దమనిషి గడియారం చూసుకుని, రెండు ఆల్బమ్‌ల పేజీలు విసనకర్రలా ఆడించి, చూసి చెబుతామన్నాడు. మా వృత్తిలో ఆ మాటకి అర్థం ఒక్కటే.

"ఆ లిఫ్టావిడ మనకేమైనా పని ఇస్తుందా బాబాయ్?" అన్నాను.

"ఆవిడెందుకిస్తుందమ్మా, ఆవిడకే బోలెడు పని," అన్నాడు, నోట్‌బుక్ తీస్తూ.

నిద్రలావిడ ఆల్బమ్ సంగతి మరీ అన్యాయం. అది చూసిన ప్రతివాళ్ళూ ఆవలించారు. హోటల్ రిసెప్షన్‌లో కూర్చున్నాయన ఆవలించాడు. గదులు తుడిచే ఆవిడ సబ్బుల ఆల్బమ్ చూసినంతసేపూ చలాకీగానే ఉంది, ఇది తెరవగానే చీపురు మీద గడ్డం ఆనించింది. టాక్సీ డ్రైవరు సిగ్నల్ దగ్గర రెండు ఫొటోలు చూసి రెండుసార్లు ఆవలించాడు. పచ్చ లైటు పడకముందే ఆల్బమ్ నేనే మూసేశాను. అలాంటప్పుడల్లా బాబాయి నోట్‌బుక్ తెరిచి, ఏమీ రాయకుండా, మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు.

రెండో రోజు పరుపుల కంపెనీ. మా ఆశలన్నీ దాని మీదే. వచ్చే ఏడాది క్యాలెండర్‌కి ఫొటోలు కావాలన్నారు. నిద్రపోయేవాళ్ళ ఫొటోలు ప్రపంచంలో ఎవరికైనా పనికొస్తే వీళ్ళకే పనికి రావాలి. గేటు దగ్గర కాపలా ఆయన చూసి ఆవలించాడు. లోపల మేనేజరు మాత్రం ఒక్కో పేజీ నింపాదిగా తిప్పాడు. చివరి పేజీ దగ్గర తలెత్తి బాబాయిని కాసేపు పరిశీలించాడు కూడా. ఈలోగా మూడుసార్లు ఆవలించాడు.

"ఫొటోలకి వంక పెట్టలేనండీ," అన్నాడు చివరికి. "కానీ వీళ్ళలో ఒక్కడి కిందైనా పరుపు లేదు."

బాబాయి ఒప్పుకున్నాడు.

"మంగలి కుర్చీలోనే ఇంత హాయిగా నిద్ర పడుతుందని మేమే క్యాలెండర్ వేస్తే, ఇక మా దగ్గర పరుపు ఎవడు కొంటాడు?"

నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట సబబుగానే తోచింది. సాయంత్రం స్టేషన్ బెంచీ మీద కూర్చునేసరికి నా కోపం నెత్తికెక్కింది. రెండు రోజులు లిఫ్టుల్లోనూ టాక్సీల్లోనూ ఊరంతటికీ చూపించుకుంటూ తిరిగాం, ఇప్పుడు ఆవిడకి ఏం మొహం పెట్టుకుని ఫోన్ చేస్తావని నిలదీశాను. ఆయన నోట్‌బుక్ నా చేతిలో పెట్టాడు.

ఒక్కో ఫొటోగ్రాఫర్‌కి ఒక్కో పేజీ. భవనాల ఆయన పేజీలో: "లిఫ్టు నడిపే ఆవిడ. మా అంతస్తు మూడుసార్లు దాటించేసింది." సబ్బుల ఆయన పేజీలో: "గదులు తుడిచే ఆవిడ. 'ఈ సబ్బు మా ఇంట్లోనూ ఉంది. ఇంత బాగుంటుందని తెలీదు' అంది." వెనక్కి తిప్పితే ఏళ్ళ తరబడి ఇవే. పళ్ళ డాక్టరు కూడా ఉన్నాడు.

"వద్దన్నారన్న మాట ఒక్కటే పట్టుకుని ఫోన్ ఎలా చేయనమ్మా?" అన్నాడు బాబాయి. "దాంతోపాటు చెప్పడానికి ఇంకోటి ఉండాలి. కల్పించి చెప్పడం నాకు చేతకాదు. అందుకని అడుగుతూ పోతాను."

ఎన్నిసార్లు చేదు కబురు చెప్పినా మా ఫొటోగ్రాఫర్లు ఆయన ఫోన్ మొదటి రింగుకే ఎందుకు ఎత్తుతారో అప్పుడు తెలిసింది. నాకు సిగ్గేసింది. నిద్రలావిడ పేజీ తెరిచాను. ఖాళీ.

"ఎవరూ ఏమీ అనలేదమ్మా. ఆవలించారంతే," అన్నాడు. పక్క బెంచీలో ఇద్దరు ఖాళీగా కూర్చున్నా వాళ్ళని నిమిషం అడగలేదు. ఆయన్ని అలా చూడడం నాకు అదే మొదటిసారి.

"అదే రాయి బాబాయ్. నచ్చకపోతే పేజీ తిప్పేసేవాళ్ళు. ఫొటోలో ఉన్న నిద్ర చూసేవాళ్ళకి అంటుకుంది. అంతకంటే ఏం కావాలి?"

ఆయన నా చేతిలోంచి నోట్‌బుక్ తీసుకున్నాడు. తర్వాత పెన్ను తీశాడు.

"మేనేజరుది ఒకటని రాయనా, మూడని రాయనా?"

"మూడు."

మొత్తం పదకొండు మంది, పద్నాలుగు ఆవలింతలు. ఫోన్ చేసి, ముందు పరుపుల వాళ్ళు వద్దన్న సంగతి కారణంతో సహా చెప్పాడు. అప్పుడు పేజీ చదివాడు, ఎవరు, ఎక్కడ, ఎన్నిసార్లు అని.

"మేనేజరు కూడానా?" అంది ఆవిడ.

"మూడు. మూడోసారి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదమ్మా."

"మరి మీకో బాబాయ్ గారూ?"

రైల్లో గురక సంగతి నాకు గుర్తొచ్చింది. ఈయన అబద్ధం చెప్పడు.

"నాకు ఆవలించేంత వ్యవధి ఉండదమ్మా. మూడేళ్ళుగా మీ ఆల్బమ్ మోస్తున్నాను, చివరి పేజీలో ఏముందో నాకింకా తెలియదు. నాలుగో పేజీకే నిద్రపోతాను."

ఆవిడ నవ్వు పక్క బెంచీ దాకా వినిపించింది. టైల్స్ షాపుకి ఇంకెవరినైనా చూసుకోమని అన్నయ్యతో చెబుతానంది. ఈసారి మాత్రం మెలకువగా ఉండి చివరి పేజీ చూడమని మరీమరీ చెప్పి పెట్టేసింది.

రైలు కదలగానే బాబాయి నిటారుగా కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆల్బమ్ తెరిచాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో పేజీ మీద ఆయన చెయ్యి ఆగిపోయింది.

చివరి పేజీలో ఉన్నది ఆయనే. మా ఆఫీసు కుర్చీలో, ఒళ్ళో ఇదే ఆల్బమ్‌తో, నోరు కొంచెం తెరుచుకుని. ఎంత లేపినా లేవకపోతే, ఆవిడ ఆ రోజు నన్ను అనుమతి అడిగింది. నేనే ఇచ్చాను.

ఎదుటి సీటాయన ఆల్బమ్ వైపే చూస్తున్నాడు. పేజీలు తిప్పి ఆ చివరిది చూపించాను. ఆయన ఫొటోనీ బాబాయినీ మార్చి మార్చి చూసి, ఆవలించాడు. నేను బాబాయి జేబులోంచి నోట్‌బుక్ తీసి, పద్నాలుగు కొట్టేసి పదిహేను అని రాశాను.