క్యాచర్‌ని పంపేసిన వేసవి

మా చిన్నప్పుడు... ప్లేనోలో మా అపార్ట్‌మెంట్‌లో సాయంత్రమయ్యేసరికి టీవీలో బేస్‌బాల్ మొదలయ్యేది. పెట్టేది నాన్న కాదు... అమ్మ!

తెనాలిలో అమ్మ హైస్కూల్లో లెక్కలు చెప్పేది. ఇక్కడికొచ్చాక డిపెండెంట్ వీసా... ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఉన్న ఒక్క కారూ నాన్న ఆఫీసుకి తీసుకెళ్ళేవారు. కారు లేకపోతే ఆ ఊళ్ళో పాలప్యాకెట్టు కూడా తెచ్చుకోలేం. మా యాంటెన్నాకి సరిగ్గా అందే ఛానెళ్ళు రెండో మూడో. వాటిలో ఒకదాంట్లో ఈ ఆట వచ్చేది. చేట ఒళ్ళో పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ చూడడం మొదలుపెట్టింది... ఆ వేసవి అయ్యేలోగా రూల్సన్నీ పట్టేసింది.

మా టీమ్ ఎప్పుడూ ఓడిపోయేది. నాన్న విసుక్కునేవారు.

"రోజూ ఓడేవాళ్ళని ఏం చూస్తావే?"

"గెలిచేవాళ్ళని లోకమంతా చూస్తుంది లెండి. వీళ్ళనెవరు చూస్తారు?"

అమ్మకి ఇష్టమైన ఆటగాడు క్యాచర్. బంతి విసిరేవాడికి ఎదురుగా, బ్యాటు పట్టినవాడి వెనకాల గొంతుక్కూర్చునే మనిషి. వయసు మళ్ళింది. లేచినప్పుడల్లా మోకాళ్ళు పట్టుకునేవాడు. పెద్దగా కొట్టేవాడూ కాదు. కానీ బంతి విసిరే కుర్రాడు కంగారుపడితే చాలు... నెమ్మదిగా నడిచి వెళ్ళి, భుజం మీద చెయ్యేసి, ఏదో చెప్పి వచ్చేవాడు. తర్వాతి బంతి పడాల్సిన చోట పడేది.

"చూశావా చిన్నీ... అదీ పాఠం చెప్పడమంటే" అనేది అమ్మ.

అప్పుడప్పుడూ స్టేడియానికి వెళ్ళేవాళ్ళం. అన్నిటికన్నా పై వరస... నెత్తిన ఎండ, కాలిపోయే బల్ల. ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుని తినేవాళ్ళం. క్యాచర్ అక్కణ్ణుంచి చీమంత కనిపించేవాడు. అమ్మకి అది చాలు.

నేను ఫిఫ్త్ గ్రేడ్ అయిపోయిన వేసవిలో టీమ్ యజమానులు 'రీబిల్డ్' అన్నారు. అంటే ఉన్న పాతవాళ్ళందర్నీ వేరే టీములకిచ్చేసి, బదులుగా మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాళ్ళని తెచ్చుకోవడం. కొన్నేళ్ళు ఓపిక పట్టండి, వీళ్ళే గెలిపిస్తారు అన్నారు. అలా క్యాచర్‌ని కూడా పంపేశారు.

ఆ పూట అమ్మ అన్నం కలుపుకుని అలాగే కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం... రేడియోలో ఆటల గురించి జనం ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమం వస్తోంది. స్టవ్ తుడుస్తూ అమ్మ ఇంగ్లీషు వాక్యాలు తనలో తనే అనుకోవడం విన్నాను. తర్వాత హాల్లో ఫోన్ తీసుకుని నంబరు తిప్పింది.

"నువ్వు రేడియో బెడ్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి విను. సౌండ్ తగ్గించు, లేకపోతే నా గొంతు నాకే వినపడుద్ది."

చాలాసేపు లైన్లో ఆగింది. చివరికి ఆవిడ వంతు వచ్చింది. తలుపు తెరిచే ఉంది... అమ్మ నాకు కనిపిస్తూనే ఉంది. క్లాసులో నిలబడినట్టు నిటారుగా నిలబడి చెప్పింది. కొత్త పిల్లల్ని తెచ్చుకోండి, మంచిదే... కానీ నేర్పేవాణ్ణి పంపేస్తే ఆ పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకుంటారు? అదీ ఆవిడ ప్రశ్న.

"వేర్ ఆర్ యూ ఫ్రమ్, మేడమ్?" అన్నాడు కార్యక్రమం నడిపే ఇద్దరిలో ఒకడు.

"ప్లేనో."

"నో, నో... ఒరిజినల్లీ?"

రేడియోలో మాట కొన్ని క్షణాలు ఆలస్యంగా వచ్చేది. అమ్మ ముఖం వాడిపోవడం ముందు చూశాను... వాళ్ళ నవ్వు నాకు తర్వాత వినిపించింది. క్రికెట్ గురించి ఏదో జోకు. థాంక్యూ చెప్పి కాల్ కట్ చేశారు.

ఆ తర్వాత ఫోన్ చేసిన పెద్దమనిషి కూడా అదే మాటన్నాడు. ఇంచుమించు అవే ముక్కలు. "గ్రేట్ పాయింట్!" అన్నారు ఇద్దరూ.

అమ్మ గుమ్మంలోకొచ్చి అదంతా విన్నది. "సరేలే... కుక్కర్ పెట్టాలి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఎప్పుడూ ఫోన్ చేయలేదు. ఆట చూడడం మాత్రం మానలేదు. మరుసటేడు ఆ క్యాచర్ కొత్త టీమ్ తరఫున మా ఊళ్ళో ఆడటానికొచ్చాడు. మేం వెళ్ళాం. పై వరసల్లో మనుషులే లేరు. అతని పేరు పిలవగానే అమ్మ ఒక్కత్తే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది... కొంగు జారిపోతున్నా పట్టించుకోలేదు. అతను తలెత్తి చూడలేదు. ఎలా చూస్తాడు, అంత దూరం!

తెచ్చిన కుర్రాళ్ళలో ఒక్కరూ నిలదొక్కుకోలేదు. కంగారుపడినప్పుడు నడిచొచ్చి చెప్పేవాళ్ళు లేరు. ఒక్కొక్కర్నీ పంపేశారు. "నేను చెప్పలా?" అని అమ్మ ఒక్కసారి కూడా అనలేదు. "పాపం, పిల్లలు..." అనేది, అంతే.

గ్రీన్‌కార్డు వచ్చేసరికి అమ్మకి యాభై దాటింది. స్కూళ్ళకి అప్లై చేసింది. ఇక్కడి సర్టిఫికెట్ కావాలి, మళ్ళీ చదవాలి అన్నారు. "ఇప్పుడు నా వల్ల ఏమవుద్దే" అని ఊరుకుంది. నిరుడు ఎండాకాలంలో జబ్బు చేసి పోయింది. ఆ సీజన్‌లో కూడా మా టీమ్ అట్టడుగునే ఉంది.

నేనిప్పుడు ప్లేనో పక్కనే ఫ్రిస్కోలో ఉంటున్నాను. టీమ్ మళ్ళీ రీబిల్డ్ అంటోంది. ఎవరిని పంపేయాలి, ఎవరిని తెచ్చుకోవాలి... ఫ్యాన్స్ గ్రూపుల్లో అందరూ రాస్తున్నారు. నేనూ రాస్తున్నాను. కానీ ఆట చూడడం లేదు... ఆఫీస్ మీటింగుల మధ్య ఫోన్‌లో స్కోరు చూసి, ఓడిపోతున్నారని తెలిస్తే పక్కన పెట్టేస్తున్నాను. ఓడిపోతున్నవాళ్ళ దగ్గర చివరిదాకా కూర్చునే ఓపిక మా తరానికి రాలేదేమో...

మీ ఇంట్లో అలా కూర్చున్నవాళ్ళెవరు? ఏ ఆట, ఏ టీమ్... రాయండి. ఈ సాయంత్రం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది, అన్నీ చదువుతాను.