నా ఉపన్యాసానికి కల్లమంతా ఏడ్చింది

మొన్న శనివారం నేను చేసిన ఘనకార్యం మీ దాకా వచ్చే ఉంటుంది. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళెవరో మోసుకొచ్చే ఉంటారు, దీనమ్మ మీటింగ్ పెట్టి షావుకారు చేత కూడా కన్నీళ్ళు పెట్టించిందట అని. పెట్టించాను, నిజమే. కానీ ఎలా పెట్టించానో నా నోటితోనే వినండి. పరువు ఎటూ పోయింది, దాచి ఏం లాభం!

మా ఊరి చివర మా షావుకారు కోటయ్య గారి మిరపకల్లం ఉంది. ఎండిన కాయలకి తొడిమలు తీయడం, ఎర్రకాయ ఒక కుప్పగా, తెల్లబారిన తాలుకాయ ఒక కుప్పగా ఏరడం మా పని. నలభైమంది ఆడవాళ్ళం. అందులో చంటిపిల్లల తల్లులు తొమ్మిదిమంది. ఆ పిల్లలు ఎక్కడుంటారు? మిరప బస్తాల పక్కన, పాతచీరల ఉయ్యాలల్లో. పొద్దస్తమానం దగ్గే. కరీమూన్ కూతురికి ఆర్నెల్లు. మొన్నీమధ్య దగ్గీ దగ్గీ ఒళ్ళు నీలంగా మారితే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. ఎలాగో బతికింది. డాక్టరమ్మ నన్ను పట్టుకుని కడిగేసింది.

"పెద్దదానివి, నీకైనా తెలియొద్దూ! మళ్ళీ ఆ దుమ్ములో పడుకోబెడితే ఈసారి నేనేం చెయ్యలేను."

ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, నా మీద నాకే. నా ముగ్గురు పిల్లలూ ఆ బస్తాల పక్కనే పెరిగారు. ఒక్కరోజు నోరెత్తానా?

కల్లంలో ఒక గది ఉంది. తలుపు, కిటికీ, తిరిగే ఫ్యాను. కోటయ్య గారు మధ్యాహ్నం కునుకు తీసే గది అది. పిల్లల కోసం ఆ గది అడగాలి. ఒక్కరే అడిగితే పనిలోంచి తీసేస్తారు. నలభైమంది ఒక్కమాట మీద అడిగితే? అందుకే మీటింగ్ అన్నాను.

"పెద్దమ్మా, రేపట్నుంచి రావద్దంటే?" అంది నా పక్కన కూర్చుని కాయలేరే సుజాత.

"అందర్నీ వద్దంటే కాయలన్నీ ఆయనొక్కడే ఏరుకుంటాడా ఏం?"

"పక్క ఊరి నుంచి ట్రాక్టర్లో తోలుకొస్తాడు."

తోలుకొస్తే చూద్దాంలే అని గట్టిగా తలాడించాను. ఆ తర్వాత మూడు రోజులు ముద్ద దిగితే ఒట్టు! ఎవరూ రాకపోతే? వచ్చినా ఆయన్ని చూసి నోళ్ళు మూసుకుంటే? నా మాట నమ్మి అందరూ పని పోగొట్టుకుంటే, ఆ ఇళ్ళ ముందు నుంచి నేను ఎలా నడిచి వెళ్ళాలి? సారాకొట్టు ముందు బైఠాయించినప్పుడు కూడా నాకింత వణుకు పుట్టలేదు.

శనివారం సాయంత్రం పని దిగే వేళకి అందర్నీ ఉండమన్నాను. ఊరికే ఉండమంటే ఉండరు కదా, టీ ఇస్తానన్నాను. అదీ నా తెలివి! కోటయ్య గారు కూడా వచ్చి కుర్చీ వేయించుకున్నారు.

"ఏం దీనమ్మా, ఏదో మీటింగంట?"

"అవునండి, రెండు ముక్కలండి" అన్నాను.

రేకుల పాక పక్కన మూడు రాళ్ళు పెట్టి, పత్తికట్టె పేర్చి, టీకి డేగిశా ఎక్కించాను. మంట అంటుకోదే! గాలికి పుల్ల మీద పుల్ల ఆరిపోతోంది. పాక వెనకాల ఓ గోతం కనపడింది. తడిమితే నిండా ఎండుచెత్త. ఇదైతే భగ్గుమంటుందని తెచ్చి పొయ్యిలోకి బోర్లించాను. ఇంకో పుల్ల గీశాను. అంటుకుంది. హమ్మయ్య అనుకుని మాట్లాడ్డానికి నిలబడ్డాను.

ఆ గోతంలో ఉన్నది మిరపగింజలు, తొడిమలు, తాలుకాయ తుక్కు. నలభై ఏళ్ళు మిరపలో ఉన్నదానివి, వాసనైనా తెలియలేదా అంటారు. అన్నేళ్ళు ఉన్నాను కాబట్టే తెలియలేదు. నా ముక్కు చచ్చి పదేళ్ళయింది. దానికితోడు పొయ్యి నాకు పక్కగా ఉంది, గాలి నా వెనక నుంచి వాళ్ళ మీదికి వీస్తోంది.

"అక్కచెల్లెళ్ళారా! మనం కష్టజీవులం. కానీ మన పిల్లలు ఏం పాపం చేశారు?" అన్నాను.

ముందు వరసలో సుజాత కళ్ళు తుడుచుకుంది. అబ్బ, తగిలిందే అనుకున్నాను! గొంతు పెంచాను. రెండో వరస కూడా కొంగులు తీసింది. వెనక ఎవరో వెక్కుతున్నారు. కోటయ్య గారి వైపు చూద్దును కదా, ఆయన కళ్ళవెంట కూడా బొటబొటా నీళ్ళు! నాలో ఇంత విద్య ఉందని ఇన్నేళ్ళూ నాకే తెలియదే అనుకుని, చెయ్యెత్తి ఇంకోమాట అందుకోబోయాను.

"ఓసి నీ మీటింగ్ తగలెయ్య! పొయ్యిలో ఏం పోశావే?" అని కోటయ్య గారు దగ్గుతూ కుర్చీతో సహా వెనక్కి పడ్డారు.

పొయ్యి వైపు చూశాను. దట్టంగా పొగ. అది నేరుగా ఉయ్యాలల వైపు పోతోంది.

డేగిశా తన్నేశాను. పాలూ నీళ్ళూ పొయ్యి మీద పడి పొగ ఇంకా ఎక్కువైంది! తల్లులు ఉయ్యాలల మీదికి దూకి, పిల్లల్ని గుండెలకి అదుముకుని కోటయ్య గారి గదిలోకి పరిగెత్తారు. ఫ్యాను వేసి తలుపు బిగించారు. కిటికీలోంచి పిల్లల్ని లెక్కపెట్టాను. ఎనిమిదిమంది. మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిదే.

"నా బిడ్డేది? దీనమ్మత్తా, నా బిడ్డేదీ?" కరీమూన్ బయటే తిరుగుతూ గుండెలు బాదుకుంటోంది.

పొగలోకి పరిగెత్తాను. ఉయ్యాల ఖాళీ. బస్తాల సందుల్లో చేతులతో తడిమాను. దేవా, నన్ను తీసుకుపో, ఆ పిల్లని వదిలెయ్ అని అరుస్తున్నాను. మంచి చేద్దామని నలుగుర్ని కూడేసి, నా చేత్తోనే పసిగుడ్డుని చంపుకున్నానా?

నీళ్ళతొట్టి దగ్గర కనపడింది. కోటయ్య గారి ఒళ్ళో. కింద పడ్డ మనిషి లేస్తూనే ఉయ్యాల్లోంచి దాన్ని ఎత్తుకొచ్చారట. ఆయన తన కండువా తడిపి దాని మొహం తుడుస్తున్నారు. అది క్యారుమంటోంది. ఆ ఏడుపు విన్నాక అక్కడే కూలబడ్డాను. కరీమూన్ పిల్లని లాక్కుని ముద్దులు పెట్టింది.

కోటయ్య గారి కళ్ళు పండుమిరపకాయల్లా ఉన్నాయి. "వీళ్ళు రోజూ పీల్చేది ఇదేనా?" అన్నారు.

మూడు రోజులు వల్లెవేసిన ఉపన్యాసమంతా ఏమైపోయిందో! నా నోట్లోంచి వచ్చింది ఇదీ: "ఇంత ఉండదండి. రోజూ కొంచెం తక్కువండి."

ఆయన లేచి వెళ్ళి గది తలుపు తట్టారు. తీయలేదు. లోపల ఒక్కరూ కదల్లేదు, బయట ఉన్నవాళ్ళు కూడా ఇంటికి పోకుండా గుమ్మం ముందు కూర్చున్నారు. వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"అమ్మా, నా కళ్ళజోడు లోపలుందమ్మా" అన్నారు కోటయ్య గారు.

కిటికీలోంచి కళ్ళజోడు మాత్రం వచ్చింది. గది పిల్లలకే అని ఆయన అనేదాకా తలుపు తెరుచుకోలేదు. సోమవారం నుంచి పిల్లలు ఆ గదిలోనే పడుకుంటున్నారు. ఆయన ట్రాక్టర్ నీడలో కునుకు తీస్తున్నారు.

నిన్న పక్క ఊరి కల్లం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళకీ పిల్లల గది కావాలట, నేను వచ్చి మీటింగ్ పెట్టాలట. నేను కొంగు సర్దుకుని, కాస్త గంభీరంగా, "సరే, ఏం మాట్లాడమంటారు?" అన్నాను.

"అయ్యో, మాటలతో మీకెందుకు శ్రమ పెద్దమ్మా! అవి మేం చూసుకుంటాం. మీరొచ్చి పొయ్యి రాజేస్తే చాలు."